ఎన్ని గజాల పటం?

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి నూజివీడు రోడ్డు పట్టారు మీరు. జూన్ రెండో వారం, పొద్దున తొమ్మిది దాటింది. జంక్షన్ కొట్లు వెనకబడగానే మట్టి రంగు మారుతుంది. దక్షిణాన గుడివాడ రోడ్డు పొడుగునా నల్లమట్టి, వరి. ఇటు ఉత్తరాన ఎర్రమట్టి, మామిడి. బాపులపాడు మండలానికి రెండూ ఉన్నాయి, ఈ పూట ఆ సంగతి మీకు బాగా పనికొస్తుంది. భుజాన వేలాడుతున్న సంచిలో 3 చదరపు మీటర్ల గుడ్డ గాలిపటం ఉంది. దాని వెనకున్న ఆశ ఇంకా పెద్దది. పలకను కాళ్లకు తొడుక్కుని, నడుముకు పటం తగిలించుకుని సముద్రం మీద జారిపోవాలి. కైట్‌బోర్డింగ్ అంటారు, కైట్‌సర్ఫింగ్ అన్నా అదే.

తోటలో బంగినపల్లి కోత అయిపోయింది. చిన్న రసాలు చివరి కోతలో ఉన్నాయి. కలెక్టర్ కాయ మాత్రం ఇంకా కొమ్మలకు వేలాడుతోంది. పాక ముందు నులకమంచం మీద కాపలా బాబాయ్ కూర్చుని చిరిగిన చిక్కం బాగుచేసుకుంటున్నాడు. మీరు సెల్‌ఫోన్ తీసి గాలి ఎంతుందో చూస్తుంటే ఆయన తలెత్తి చెట్టు వైపు చూస్తాడు.

“ఏం చూపిస్తంది?”

“తొమ్మిదంట బాబాయ్.”

“తొమ్మిదేంటి?”

“నాట్స్. గంటకి పదహారు, పదిహేడు కిలోమీటర్లు.”

“నాకా లెక్కలు తెలీవు గానీ, పొద్దున ఆకు గలగలలాడింది. ఇప్పుడు రెమ్మ ఊరుకోట్లేదు. పన్నెండింటికి చిన్న కొమ్మ ఊగుద్ది, మూడింటికి లేతచెట్లు ఊగుతయ్. ఆ టయానికి ఈ కలెక్టర్ చెట్టు కింద ఉండమాక, కాయ నెత్తిన పడుద్ది.”

ఆయనకు తెలియకపోవచ్చు గానీ ఆ నాలుగు ముక్కల్లో ఆయన చెప్పింది అచ్చంగా బ్యూఫోర్ట్ కొలమానమే. ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి 1805లో ఓడ తెరచాపలను చూసి గాలిని అంచెలుగా విడగొట్టాడు. నేల మీది వాళ్ల కోసం చెట్ల గుర్తులు తర్వాతి వాళ్లు చేర్చారు. ఆకులు గలగలలాడితే 4 నుంచి 6 నాట్స్. ఆకులూ సన్నరెమ్మలూ ఆగకుండా కదులుతుంటే 7 నుంచి 10. దుమ్ము, చిత్తుకాగితాలు లేచి చిన్న కొమ్మలు ఊగితే 11 నుంచి 16. చిన్న చెట్లు ఊగితే 17 నుంచి 21. పెద్ద కొమ్మలు ఊగి, కరెంటు తీగలు ఈలలేసి, గొడుగు పట్టుకోవడం కష్టమైతే 22 నుంచి 27. చెట్టుకు చెట్టే ఊగితే 28 పైమాటే. కైట్ నేర్చుకునేవాడికి కావలసిందంతా ఈ వరసలో ఒక చిన్న ముక్క. చిన్న కొమ్మలు ఊగడం మొదలైన దగ్గర్నుంచి లేతచెట్లు ఊగడం మొదలయ్యేదాకా. అంటే 12 నుంచి 18 దాకా. అంతకు తక్కువైతే పటం నీళ్లలో కూలబడుతుంది, అంతకు ఎక్కువైతే మీరు కూలబడతారు.

“పోయిన నెల్లో గాలివాన వచ్చినప్పుడు ఒక్క గంటలో రాలిపోయినయ్ కాయలు,” అంటాడు బాబాయ్. “అంతకు ముందు రోజూ గాలి ఉంది. ఒక మాదిరిగా ఉంది. నాలుగు కాయలు రాలినయ్, ఏరుకున్నాం. గాలి ఇంకాస్త పెరిగింది, అంతే, సగం తోట నేలన ఉంది.”

ఇంకాస్త అన్న ఆ మాట దగ్గర ఆగండి, ఎందుకంటే పటం సైజుల గొడవంతా అక్కడే ఉంది. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. 14 నాట్స్ గాలి 20 అయిందనుకోండి. ఫోన్‌లో చూస్తే ఆరే పెరిగింది. పటం మీద పడే బలం మాత్రం రెట్టింపైపోయింది. ఒడ్డున మీ పక్కవాడు ఎగరేస్తున్న పటం చూసి “నాకూ అదే సైజు ఇవ్వండి” అనడం ఎంత ప్రమాదమో ఇక్కడే తెలిసిపోతుంది. ఆ గంటలో సరిపోయిన పటం పై గంటలో సరిపోదు.

సంచి విప్పబోతుంటే బాబాయ్ చేత్తోనే వద్దంటాడు. నిజమే, తోటలో పటం లేవదు. లేచినా నిలవదు. గాలి చెట్లను గుద్దుకుని, పైకెక్కి, అవతల సుడులుగా విరిగిపడుతుంది. చెట్టు ఎత్తుకు ఏడెనిమిది రెట్ల దూరం దాకా, ఒక్కోసారి ఇంకా దూరం, ఆ కలత పోదు. ముప్పై అడుగుల మామిడిచెట్టుకు అవతల రెండు మూడు వందల అడుగుల దాకా గాలి ఒకసారి చప్పబడుతుంది, ఒకసారి చెంపదెబ్బ కొడుతుంది. మీరు వెనక్కి తిరిగి జంక్షన్ దాటి గుడివాడ వైపు వెళ్తారు. దాళ్వా కోసేసిన మళ్లు. కాలవ నీళ్లు ఇంకా వదల్లేదు, నారుమళ్లు పడలేదు. కనుచూపు మేర చెట్టు లేదు. నెర్రెలిచ్చిన నల్లమట్టి, ఎండిన దుబ్బులు, పడమటి గాలి.

పటం తీసే ముందు చుట్టూ ఒకసారి చూడాలి. పొలాల మీదుగా పోయే కరెంటు లైను ఎక్కడుందో చూసి, దాని నుంచి మీ తాళ్ల పొడవుకు మూడు నాలుగింతల దూరం జరగాలి. అదీ లైను మీకు గాలి వచ్చే వైపు ఉండాలి గానీ గాలి పోయే వైపు ఉండకూడదు. జారిపోయిన పటం అటే వెళ్తుంది మరి. పశ్చిమాన గన్నవరం విమానాశ్రయం ఉంది. అక్కడినుంచి వచ్చే వాతావరణ నివేదికలో గాలి వేగం నాట్స్‌లోనే ఉంటుంది, కాబట్టి ఊళ్లో కూర్చుని అలవాటు చేసుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు. అయితే విమానాలు దిగే దారి కింద మాత్రం పటం ఎగరేయకండి. 2024 చివరిదాకా అమల్లో ఉన్న 1934 నాటి విమాన చట్టం గాలిపటాన్ని కూడా విమానాల జాబితాలోనే రాసింది. నవ్వొస్తుంది గానీ, తలమీద విమానం దిగుతున్నప్పుడు రాదు.

3 చదరపు మీటర్లంటే మూడున్నర గజాలు. స్థలం కొనేటప్పుడు మూడున్నర గజాలను ఎవరూ లెక్కలోకే తీసుకోరు. గాల్లోకి లేచిన మూడున్నర గజాల గుడ్డ వేరు. దీనికి పుల్లలుండవు, ఎదుటి అంచులోని రంధ్రాల్లోంచి గాలి దూరి దిండులా ఉబ్బుతుంది. రెండు తాళ్లు, అడ్డంగా ఒక కడ్డీ. కుడిచేత్తో లాగితే కుడికి తిరుగుతుంది, ఎడమచేత్తో లాగితే ఎడమకి. సంక్రాంతి పటానికి అలవాటుపడ్డ మీ చేతులు మొదట అన్నీ తప్పే చేస్తాయి. గాలిపటం దారాన్ని మనం వదులుతాం, గుంజుతాం. ఇక్కడ దారం పొడవు మారదు, పటమే తిరగాలి.

నెత్తిమీద నిలబెట్టి చూడండి. అక్కడ దాదాపు ఏమీ లాగదు. మెల్లగా కుడిపక్కకు, నేలకు దగ్గరగా దించండి. అక్కడా పెద్దగా లాగదు. ఇప్పుడు మళ్లీ పైకి తెచ్చి, గాలి పోయే వైపు మీ ఎదురుగా కిందికి ఒక్క విసురున దూకించండి. మడమలు దుబ్బుల్లో గీతలు గీసుకుంటూ నాలుగడుగులు ముందుకుపోతారు. మూడున్నర గజాలే, గాలి 11 నాట్సే. పగ్గం తెంపుకోబోయే కోడెదూడను మొదటిసారి పట్టుకున్నట్టుంటుంది. పటం కదిలేటప్పుడు బయటి గాలికి తోడు తన వేగంతో తానే ఇంకొంత గాలి పుట్టించుకుంటుంది. అందుకే నిలబడ్డ పటానికీ దూకే పటానికీ ఇంత తేడా. సైజు అంటే గుడ్డ మీద అచ్చేసిన అంకె ఒక్కటే కాదని ఇక్కడే ఒంటికి ఎక్కుతుంది.

ఈ పటంతో బాపులపాడు పొలాల్లో సాయంత్రాలు గడపడం దండగ కాదు. చూడకుండా తిప్పడం, ఒంటి చేత్తో తిప్పడం, నడుస్తూ తిప్పడం, కడ్డీ వదిలేయడం. చివరిది అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా కష్టం. భయమేస్తే గట్టిగా పట్టుకోవడం మనిషి స్వభావం. పటం విషయంలో భయమేస్తే వదిలేయాలి. నీళ్లలోకి వెళ్లే లోపు చేతులకు అది నేర్పితే, అక్కడ డబ్బు పెట్టి నేర్చుకునే గంటల్లో కొన్ని మిగులుతాయి. అంతకు మించి ఇక్కడ ఆశపడొద్దు. పెద్ద పటం పొలంలో ఎగరేసేది కాదు. కింద పడితే నీళ్లు ఉండవు, గట్లుంటాయి.

నూజివీడు పేరు పెట్టుకున్న రైల్వే స్టేషన్ నిజానికి హనుమాన్ జంక్షన్‌లోనే ఉంది. అక్కడ రైలెక్కి, చెన్నైలో మారి, రామేశ్వరం దీవికి వెళ్తూ పాంబన్ దాటుతున్నారు. కిటికీలోంచి చూస్తే రెండు పక్కలా సముద్రం. 1914 నాటి పాత వంతెనకు బదులుగా 2025 ఏప్రిల్‌లో మొదలైన కొత్త వంతెన మీద మీ రైలు నడుస్తోంది. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. మామిడి కాపు అయిపోయే రోజులకి ఇక్కడ నైరుతి గాలి కాపు మొదలవుతుంది, సెప్టెంబర్ దాకా ఉంటుంది. చలికాలంలో మళ్లీ ఈశాన్యం నుంచి ఇంకో విడత. దీవి కాబట్టి ఒక పక్క అలలు లేస్తుంటే ఇంకో పక్క నీళ్లు పళ్లెంలో పోసినట్టుంటాయి. మన దేశంలో కైట్ నేర్చుకునేవాళ్లు రామేశ్వరం, తూత్తుకుడి వైపు రావడానికి కారణం ఇదే. గోవాలోనూ నేర్పుతారు.

ఒడ్డున మీ కోచ్ ఈ ఇసుకలోనే పుట్టి పెరిగిన తమిళ కుర్రాడు. యాత్రికుల దగ్గర పట్టిన తెలుగు నాలుగు మాటలు వచ్చు. మిగతాది ఇంగ్లీషు, చేతులు. మీ పేరు కన్నా ముందు అడిగింది బరువు.

“ఎంత కేజీ అన్నా?”

“డెబ్భై.”

పక్కన మీతోపాటు చేరిన తెలుగు జంట ఉన్నారు, బెంగళూరు నుంచి వచ్చారు. ఆయన 88, ఆవిడ 54. ఆవిడ తన బరువు చెప్పేముందు మీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. ఇక్కడ మొహమాటానికి చోటు లేదు. బరువులో పది కిలోలు దాచుకుంటే పటంలో ఒక సైజు తప్పుతుంది.

కోచ్ జేబులోంచి చిన్న గాలిమర యంత్రం తీసి తలపైకెత్తి పట్టుకుంటాడు. పిడికిలంత ఉంటుంది. రెక్కలు గిర్రున తిరుగుతాయి. ఒక చూపు చూసి దించేయడు, రెండు మూడు నిమిషాలు అలాగే నిలబడతాడు. 15, 16, 14, 17, 19, 16. మీకు సగటు కావాలి. అతనికి ఆ 19 కావాలి. “ఫుల్ గాలి ఎంత, తక్కువ గాలి ఎంత, రెండూ చూడాలి,” అంటాడు. 14కీ 19కీ మధ్య తేడా నడుస్తుంది. 10కీ 22కీ మధ్య ఊగే గాలి అయితే సగటు 16 అయినా సరే క్లాసు ఉండదు.

ఇసుకలో వేలితో రాస్తాడు. 70ని 16తో భాగించి 2.2తో హెచ్చించు. తొమ్మిదిన్నర పైచిలుకు. ఆయనకు 12. ఆవిడకు ఏడున్నర లోపు. ఒకే ఒడ్డు, ఒకే గాలి, ఒకే గంట, మొగుడూ పెళ్లాల మధ్య దాదాపు అయిదు మీటర్ల తేడా. అందుకే ఒకే పటంతో ఇద్దరం నేర్చుకుందాం అనుకునే జంటలు మొదటి వారంలోనే రెండో పటం వెతుక్కుంటారు. ఇది శాస్త్రం కాదు, ఒడ్డు మీది ఉజ్జాయింపు. పైగా వచ్చిన అంకె పలక మీద నిలబడి పోగలిగేవాడికి. మీరింకా నీళ్లే తాకలేదు.

ఇంకో చిన్న మెలిక ఉంది, చాలామంది పట్టించుకోరు. పటాలతో వచ్చే సైజుల పట్టీలు ఎక్కువగా చలిదేశాల తీరాల్లో తయారైనవి. చల్లగాలి బరువు. 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 1.2 కిలోల పైన తూగుతుంది. ఇక్కడి 34 డిగ్రీల్లో ఆరు శాతం దాకా తేలికవుతుంది. అదే వేగంతో వీచినా ఆ మేరకు తక్కువ లాగుతుంది. పట్టీలో 9 అని ఉంటే ఇక్కడ అది కాస్త నీరసంగా అనిపించడం మీ భ్రమ కాదు. నేర్చుకునేవాడికి ఆ నీరసం మంచిదే అనుకోండి.

ఇసుక మీద మూడు సంచులు: 7, 9, 12. అన్నీ చదరపు మీటర్లే గానీ ఒడ్డున ఆ మాట మింగేస్తారు. సెవెన్ మీటర్, నైన్ మీటర్, అంతే. మన గజాల్లో చెప్పాలంటే ఎనిమిది పైన, దాదాపు పదకొండు, పద్నాలుగు పైన. మీ చేయి 9 వైపు వెళ్తుంది, లెక్క అదే కదా చెప్పింది. కోచ్ 7 తీసి మీ చేతిలో పెడతాడు.

పంపు కొట్టడం మీ పనే. ముందరి అంచున లావు గొట్టం, దానికి అడ్డంగా సన్న గొట్టాలు. గుడ్డ గాలికి లేవకుండా మోకాలు ఆనించి, పంపు తాడు కొక్కేనికి తగిలించి కొడతారు. ఏడు పీఎస్ఐ దగ్గరికి వచ్చేసరికి చొక్కా తడిసిపోతుంది. కోచ్ వేలు మడిచి గొట్టాన్ని టకీమని కొడతాడు. మెత్తటి చప్పుడు వస్తే ఇంకా కొట్టాలి. గట్టిగా మోగితే చాలు. గాలి సరిగా ఎక్కించని పటం గాల్లో మధ్యకు మడతపడుతుంది, సైజు ఎంతైనా ఒకటే. తర్వాత బోర్లించి, గొట్టం గాలి వచ్చే వైపుకు పెట్టి, గుడ్డ మీద రెండు దోసిళ్ల ఇసుక పోస్తారు. నాలుగు తాళ్లు ఒక్కొక్కటే నడుచుకుంటూ దువ్వి విడదీస్తారు. మధ్య రెండూ బరువు మోసేవి, అంచు రెండూ తిప్పేవి. కడ్డీకి ఎర్రరంగు వేసిన కొస ఎడమచేతికి రావాలి. తాళ్లు మారిపోతే పటం లేచిన మరుక్షణం గిరికీ కొట్టి ఇసుకలో తల పెడుతుంది. అందుకని కోచ్ మళ్లీ మొదట్నుంచి నడిపిస్తాడు.

తాళ్లు చూస్తే పొట్టిగా ఉన్నాయి. మామూలుగా 20 నుంచి 24 మీటర్లుంటాయి. మీకిచ్చినవి అందులో సగానికి కాస్త పైన. ఇదీ సైజు తగ్గించే ఇంకో పద్ధతే. తాడు పొట్టిదైతే పటానికి తిరుగాడే చోటు తగ్గుతుంది, దూకినప్పుడు వేగం పుంజుకునే లోపే అంచుకు వచ్చేస్తుంది. అదే 7 మీటర్ల గుడ్డ, లాగుడు మాత్రం తక్కువ. నేర్చుకునేవాడు తప్పులు చేస్తాడు, ఆ తప్పు చిన్నదిగా ఉండాలి.

ఎగరేసే చోటికి ఇంకో రెండు వందల అడుగులు నడిపిస్తాడు. ఎందుకంటే గాలి వచ్చే వైపు సరుగుడు తోపు ఉంది. రామేశ్వరం పోయినా శనీశ్వరం వదల్లేదన్నట్టు ఇక్కడా చెట్ల సుడే. తోపు దాటాక గాలి నున్నగా, ఒడ్డుకు ఏటవాలుగా వీస్తోంది. నేరుగా సముద్రంలోకి వీచే గాలి నేర్చుకునేవాడికి పనికిరాదు. పటం కూలితే అది మిమ్మల్ని శ్రీలంక వైపు సాగనంపుతుంది.

నడుము పట్టీ కొక్కేనికి కడ్డీ వలయం తగిలింది. ఎర్రటి విడుపు ఎక్కడుందో చేత్తో తడిమి మూడుసార్లు లాగి మళ్లీ బిగించారు. కోచ్ పటం పట్టుకుని అవతల నిలబడ్డాడు. మీరు బొటనవేలు చూపించారు. పటం లేచింది. నెత్తిమీద నిలిచింది. నడుము తేలికపడింది. కడ్డీ దూరం నెడితే వదులు, దగ్గరికి లాక్కుంటే బిగువు. పొలంలో రెండు తాళ్ల పటానికి ఈ సౌకర్యం లేదు.

నీళ్లు తొడల దాకా. ఇప్పుడు పలక లేదు. బోర్లా పడుకుని పటాన్ని ఒక పక్కకు దూకించి, దాని వెంట ఈడ్చుకుపోవడమే పాఠం. నోట్లోకి ఉప్పునీళ్లు, ముక్కులోకి ఉప్పునీళ్లు. ఎడమకు దూకిస్తే ఎడమకు, కుడికి దూకిస్తే కుడికి. తర్వాత ఒక చెయ్యి చాచి చుక్కానిలా పెట్టి గాలికి ఎదురేటవాలుగా పోవడం. ఇక్కడ 7 మీటర్ల విలువ తెలుస్తుంది. తప్పు దూకుడు దూకించినా నీళ్లలోంచి పైకి లేవరు, గట్టిగా ఈడ్చుకుపోతారు అంతే. అవతల బెంగళూరాయన మాత్రం రెండోపూటకే పట్టుబట్టి 12 ఎక్కించుకున్నాడు. విసురు వచ్చినప్పుడు కడ్డీ వదలకుండా బిగపట్టాడు. మనిషి నీళ్లలోంచి బయటికి వచ్చి, గాల్లో కాళ్లాడించి, ఇరవై అడుగుల అవతల పడ్డాడు. దెబ్బ తగల్లేదు. లేచి, ముక్కు చీదుకుని, ఏమీ మాట్లాడకుండా సంచి వైపు నడిచి 9 పట్టుకున్నాడు.

మధ్యాహ్నం కొబ్బరాకు పందిరి కింద, సాంబారన్నం తింటూ ఆయన అడిగిన ప్రశ్న అందరూ అడిగేదే. “ఒక్కటి కొనాలంటే ఏ సైజు కొనాలి?” నా మాట అడిగితే నేర్చుకోవడం పూర్తయ్యేదాకా ఏదీ కొనొద్దంటాను. బడిలో పటాలు పగలగొట్టడమూ ఫీజులో భాగమే. ఆ తర్వాత కూడా ఒక్కటి కాదు, రెండు. 70 కిలోల మనిషికి ఈ తీరాల్లో 12, 9 జోడీ చాలా రోజులు గడిపేస్తుంది. 88 కిలోలకు 14, 10. 54 కిలోలకు 9, 7. పెద్ద పటాల మధ్య తేడా కాస్త ఎక్కువున్నా పర్లేదు, చిన్నవాటి దగ్గర ఒక్క మీటరు తేడా కూడా బాగా తెలుస్తుంది. 12లో ఒకటి తగ్గితే పన్నెండో వంతు పోయినట్టు, 6లో ఒకటి తగ్గితే ఆరో వంతు పోయినట్టు. పలక కూడా ఈ లెక్కలోదే. నేర్చుకునేవాడికి వెడల్పు పలక ఇస్తారు, పొడవు 140 సెంటీమీటర్లు దాటి. నీళ్లమీద ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి చిన్న పటంతోనే లేవగలుగుతారు.

సెకండ్ హ్యాండ్ చవగ్గా దొరుకుతాయి, కానీ పుట్టిన సంవత్సరం చూడాలి. గాలి నింపే గొట్టాల పటాన్ని ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి చెందిన బ్రూనో, డొమినిక్ లెగేన్యూ అన్నదమ్ములు కనిపెట్టి 1984లో పేటెంటుకు పెట్టారు. నీళ్లలో పడినా తేలి మళ్లీ లేచే పటం అది, ఆట విస్తరించిందే దాంతో. కానీ తొలి తరం పటాల్లో కడ్డీ దూరం నెట్టినా లాగుడు పెద్దగా తగ్గేది కాదు. 2005 ప్రాంతంలో బ్రూనో తెచ్చిన విల్లు ఆకారపు పటాలతో ఆ చిక్కు తీరింది. అంతకు ముందువాటిలో 9 అంటే 9 లాగే లాగుతుంది, తగ్గించుకునే వీలు తక్కువ. ఇప్పటి 9 మీ చేతిలో కాసేపు 7 లాగా, కాసేపు 10 లాగా నడుస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మార్సెయ్ తీరాన ఈ ఆటకు తొలిసారి పతకాలిచ్చారు. అక్కడివాళ్ల పటాలు చూసి మీరు సైజు నేర్చుకోవద్దు. వాళ్ల పలక కింద నీటిరెక్క ఉంటుంది, ఆ లెక్కే వేరు.

మర్నాడు పొద్దున 15 నాట్స్. ఈసారి కోచ్ 9 ఇచ్చాడు, తాళ్లు కాస్త పొడుగైనవి. 7తో అలవాటుపడ్డ చేతికి 9 బద్ధకంగా తోస్తుంది. కడ్డీ తిప్పాక పటం తిరగడానికి ఒక లిప్త ఆలస్యం. ఆ ఆలస్యమే మీకు వరం. నీళ్లలో వెల్లకిలా కూర్చుని, మోకాళ్లు గుండెకు తెచ్చుకుని, పాదాలు పట్టీల్లోకి దూర్చి, పటాన్ని నెత్తిమీది పన్నెండు గంటల చోటు నుంచి ఒంటిగంట దాకా పోనిచ్చి, మళ్లీ వెనక్కి తెచ్చి ఎడమకు దూకించాలి. నడుము ముందుకు పోతుంది, ముందరి కాలు చాచాలి. ముక్కు మునిగి పడ్డారు. ఇంకోసారి వెనక్కి పడ్డారు. ఇంకోసారి పలక ఒక పక్కకు, మీరు ఒక పక్కకు. తర్వాత ఒక విడత, ఎందుకో తెలియకుండానే, పాదాల కింద నీళ్లు గట్టిపడతాయి. పలక బరబరమంటూ నీళ్ల మీదికెక్కుతుంది. ముప్పై అడుగులు పోయారు, కళ్లు పటం మీదే ఉన్నాయి. ఎటు పోతున్నారో చూద్దామని కళ్లు దించిన క్షణంలో పటం కూలింది. గాలివాలుకు కొట్టుకుపోయారు కాబట్టి పలక చంకన పెట్టుకుని, నడుముల్లోతు నీళ్లలో మొదలుపెట్టిన చోటికి ఎదురు నడక. అందరూ నడుస్తారు.

మూడింటికి నీళ్ల రంగు మారింది. దూరాన తెల్లని నురగ గీతలు. సరుగుడు చెట్ల తలలు ఒక పక్కకు వాలాయి. యంత్రం చూడకముందే మీకు తెలిసింది, ఇది ఇరవై దాటింది. నెత్తిమీద చెయ్యి తట్టుకున్నారు, దించాలి అని దానర్థం. కోచ్ పరిగెత్తుకొచ్చి పటం పట్టుకున్నాడు. యంత్రంలో 24, విసురు 28.

లెక్క వేసుకున్నారు. 70 బై 24, ఇంటూ 2.2. ఆరున్నర లోపు. నేర్చుకునేవాడికి ఇంకాస్త తగ్గించాలి. సంచుల వరసలో 5 ఉంది, ఆరు గజాలు, పిల్లల పటంలా ముద్దుగా ఉంది.

“అది ఇవ్వు తమ్ముడూ.”

కోచ్ నవ్వడు. “ఫైవ్ మీటర్ చిన్నది కాదన్నా. స్పీడు.”

ఇదొక్కటి లెక్కలో దొరకదు. పటం చిన్నదయ్యేకొద్దీ మెలికలు తిరగడం వేగమవుతుంది. 12 మీటర్ల పటం తప్పు దారి పట్టిందని తెలిశాక సరిదిద్దడానికి వ్యవధి ఉంటుంది. 5 మీటర్లది, 25 నాట్స్ గాలిలో, మీరు తప్పు గమనించే లోపు ఆ తప్పు పూర్తి చేసేస్తుంది. లాగే బలం కాగితం మీద ఒకటే. ఆలోచించుకునే వ్యవధి సగం. అందుకే 13 నాట్స్‌లో 12 మీటర్ల పటం పట్టుకున్న కొత్తవాడి కన్నా, 27లో 5 మీటర్లు పట్టుకున్న కొత్తవాడే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు. గాలి తగినది కానప్పుడు పటం సైజు మార్చి దాన్ని తగినదిగా చేయలేం.

అతను మాత్రం తన 7 తీసి నాలుగు నిమిషాల్లో నీళ్లలో ఉన్నాడు. ఏళ్ల తరబడి ఇదే గాలి. రెండుసార్లు అటూ ఇటూ పోయి, పటాన్ని వెనక్కి తిప్పి, కొబ్బరిచెట్టు ఎత్తుకు లేచి, అవతల మెత్తగా దిగాడు. బెంగళూరాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆవిడ తన 7 సంచిని కాలితో కాస్త దూరం నెట్టింది.

తిరిగొచ్చాక, తడి పటాన్ని ఎండలో పరచకుండా నీడకు లాక్కొచ్చి, గొట్టాల మూతలు ఒక్కొక్కటే పీకుతూ ఫోన్ మీకు చూపిస్తాడు.

“రేపు ఇరవై ఆరు. క్లాసు లేదు. గుడికి పోండి అన్నా, ఇరవై రెండు తీర్థాలు స్నానం అయ్యేటప్పటికి మధ్యాహ్నం.”

“ఎల్లుండి?”

“ఎల్లుండి పదహారు. నైన్ మీటర్. పంపు మీరే కొట్టాలి.”